మొదటి ఫుల్ మారథాన్‌కు ఎనిమిది వారాలే ఉంది, కాలి ఎముకలో ఒకేచోట నొప్పి. ఆపేయాలా, కొనసాగించాలా?

లెక్కల_టీచర్ | జూన్ 28, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా మీ మాటలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. వయసు 39. నాగోల్‌లో ఉంటాను, ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆగస్టు నెలాఖరున జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్‌కి (42 కిలోమీటర్లు) పేరు ఇచ్చాను. నిరుడు 10కె చేశాను, జనవరిలో ఒక హాఫ్ (21 కిలోమీటర్లు) 2 గంటల 38 నిమిషాల్లో పూర్తి చేశాను.

వేసవి సెలవుల్లో టైమ్ దొరికింది కదా అని దూరం పెంచాను. మే మొదట్లో వారానికి 26 కిలోమీటర్లు పరిగెత్తేదాన్ని, జూన్ రెండో వారానికి 44 అయింది. లాంగ్ రన్, అంటే వారానికోసారి చేసే పెద్ద పరుగు, 14 నుంచి 18, ఆ తర్వాత ఏకంగా 24. ఆ 24 నెక్లెస్ రోడ్ మీద చేశాను. చివరి మూడు కిలోమీటర్లలో కుడికాలి లోపలివైపు, చీలమండకు జానెడు పైన నొప్పి మొదలైంది. మొదట్లో పరుగు అందుకున్న పది నిమిషాలకు తగ్గిపోయేది. ఇప్పుడు తగ్గడం లేదు. బడిలో మెట్లు దిగుతున్నా తెలుస్తోంది.

ఎముకల డాక్టర్‌కు చూపించాను. ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు, ఐదు రోజులకు మాత్రలు రాశారు. "ఈ వయసులో పరుగులెందుకమ్మా, వాకింగ్ చేసుకోండి చాలు" అన్నారు. ఆ మాటకు చాలా బాధేసింది.

మా పదో తరగతి ఆడపిల్లలకు చెప్పాను, మీ టీచర్ 42 కిలోమీటర్లు పరిగెడుతుందని. రోజూ క్లాసుకు వెళ్లగానే "మేడమ్, నిన్న ఎంత పరిగెత్తారు?" అని అడుగుతారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

కొత్తబూట్లు | జూన్ 28, రాత్రి 10:15

అక్కా, ఇది షిన్ స్ప్లింట్స్, అంటే కాలి ఎముక అంచు వెంబడి వచ్చే నొప్పి. నాకూ వచ్చింది. పది రోజులు ఐస్ పెట్టండి, బూట్లు మార్చండి, పిక్కలకు టేప్ వేయించుకోండి. ఎక్స్‌రే బాగుందంటే భయం లేనట్టే. రేసు రోజు పొద్దున ఒక పెయిన్ కిల్లర్ వేసుకుంటే 42 అయిపోతుంది. నేను కూడా ఈసారి ఫుల్ చేస్తున్నాను. మోకాలు కాస్త సతాయిస్తోంది, అయినా ఆపలేదు.

ఫిజియో_వరంగల్ | జూన్ 29, ఉదయం 6:20

మేడమ్, ముందు పరుగు ఆపండి. ఇవాళ్టి నుంచే.

తమ్ముడు సాయం చేయాలనే చెప్పాడు, కానీ అందులో మూడు మాటలు సరిచేయాలి. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదంటే ఎముక బాగుందని అర్థం కాదు. ఎముకలో వచ్చే సన్నని పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేకు సాధారణంగా చిక్కదు. ఎముక మానడం మొదలుపెట్టి, చుట్టూ కొత్త ఎముక పేరుకున్నాకే కనబడుతుంది. ముందే తెలియాలంటే ఎంఆర్ఐ తీయాలి.

షిన్ స్ప్లింట్స్‌కీ దీనికీ తేడా మీరే కొంతవరకు చూసుకోవచ్చు. కాలి ఎముక లోపలి అంచు వెంబడి బొటనవేలితో మెల్లగా నొక్కుకుంటూ కిందికి రండి. నాలుగైదు వేళ్ల వెడల్పున, పొడవునా సలుపుతుంటే అది షిన్ స్ప్లింట్స్ కావచ్చు. అలా కాకుండా "ఇదిగో, ఇక్కడే" అని ఒక్క వేలితో చూపించగలిగితే, అక్కడ నొక్కగానే ప్రాణం లేచొస్తే, అనుమానించాలి. రాత్రి పడుకున్నాక కూడా పోటు వస్తోందా అన్నది ఇంకో గుర్తు. ఒంటికాలి మీద గెంతి చూడమని మేం క్లినిక్‌లో అడుగుతాం. మీరు మాత్రం ఇంట్లో గట్టిగా గెంతకండి.

ఇక పెయిన్ కిల్లర్ సంగతి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఐదు గంటల పరుగులో చెమట పోయి ఒళ్లు ఎండిపోయినప్పుడు కిడ్నీకి అసలే రక్తం తక్కువ అందుతుంది. రెండూ కలిస్తే ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. పైగా నొప్పి తెలియకపోతే సన్నని పగులు పూర్తిగా విరిగేదాకా పరిగెత్తేస్తారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

కానిస్టేబుల్_ప్రిపరేషన్ | జూన్ 29, ఉదయం 7:05

సార్ చెప్పింది నిజం. మా గ్రౌండ్‌లో ప్రతి కానిస్టేబుల్ నోటిఫికేషన్‌కీ ఇదే జరుగుతుంది. ఏడాదంతా రూమ్‌లో కూర్చుని చదువుతాం. ఈవెంట్స్‌కు, అంటే పరుగు లాంటి పరీక్షలకు, రెండు నెలలుందనగా అబ్బాయిలు 1600 మీటర్లకు, అమ్మాయిలు 800 మీటర్లకు పొద్దున సాయంత్రం గట్టి నేల మీద పరుగు మొదలుపెడతాం. గుండె, ఊపిరి మూడు వారాల్లో అలవాటు పడతాయి. ఎముకకు అంత తొందరగా చేతకాదు. నా రూమ్మేట్ కాలికి పట్టీ కట్టుకుని ప్రాక్టీస్ చేశాడు, ఈవెంట్స్‌కు పది రోజుల ముందు కాలు కింద పెట్టలేకపోయాడు. రెండేళ్ల చదువు అక్కడే ఆగిపోయింది. మేడమ్, మీరు అలా చేయకండి.

లెక్కల_టీచర్ | జూన్ 29, రాత్రి 8:50

ఫిజియో గారూ, నొక్కి చూశాను. ఒక్క వేలితోనే చూపించగలను. రూపాయి బిళ్లంత చోటు. నిన్న రాత్రి రెండు గంటలప్పుడు ఆ పోటుకే మెలకువ వచ్చింది. చదువుతుంటే భయమేస్తోంది. ఎంఆర్ఐకి వెళ్తాను.

ఒక్క మాట అడగనా? ఒకవేళ అదే అయితే, ఆరు వారాలు రెస్ట్ తీసుకుని నేరుగా రేసులో నిలబడి, నడుస్తూ పరిగెడుతూ పూర్తి చేయకూడదా?

సాగర్_కట్ట | జూన్ 29, రాత్రి 10:30

అమ్మా, నాకు 56 ఏళ్లు. ఈ హైదరాబాద్ ఫుల్‌ని ఆరుసార్లు పరిగెత్తాను. చదునైన దారుల్లో జరిగే రేసులు చాలా ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి కాదు. పీపుల్స్ ప్లాజా దగ్గర చీకట్లో బయలుదేరినప్పుడు హుస్సేన్ సాగర్ గాలి హాయిగా ఉంటుంది. ఆ తర్వాత ఫ్లైఓవర్ మీద ఫ్లైఓవర్. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. గచ్చిబౌలి చేరేసరికి ఎండ నెత్తిన ఉంటుంది. ఆగస్టు కాబట్టి ఉక్కపోత వేరే. ఎక్కేటప్పుడు పిక్కలు, దిగేటప్పుడు ఎముకలు దెబ్బతింటాయి. దిగేటప్పుడే ఎముకకు పెద్ద దెబ్బ, ఇది గుర్తుంచుకోండి.

ఆరు వారాలు కదలని కాలు ఏడో వారంలో 42 మోయలేదు. నడిచినా మోయలేదు.

రేసు ఏటా వస్తుంది. 2019లో నేను మడమ నొప్పితో మొండిగా పరిగెత్తి, తర్వాత పద్నాలుగు నెలలు మంచం దిగగానే కుంటుకుంటూ బాత్రూమ్‌కు వెళ్లాను. ఆ ఒక్క రోజు ఆగి ఉంటే ఆ పద్నాలుగు నెలలు నావే అయ్యేవి.

చలిదేశం | జూన్ 30, ఉదయం 4:10

అక్కా, నేను అమెరికాలో, మినియాపొలిస్‌లో ఉంటాను, మాది తెనాలి. ఏడేళ్ల కిందట షికాగో మారథాన్‌కు ట్రైనింగ్ అవుతుంటే నాకు సరిగ్గా ఇదే, ఇదే చోట వచ్చింది. అందుకే కొంచెం సొంత విషయాలు అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఇక్కడ జవాబు చెప్పడం ఇష్టం లేకపోతే మీ డాక్టర్‌కైనా చెప్పండి.

ట్రైనింగ్ మొదలయ్యాక తిండి తగ్గించారా? నెలసరి సరిగ్గా వస్తోందా?

నేను అప్పుడు బరువు తగ్గితే స్పీడ్ పెరుగుతుందని రాత్రి అన్నం మానేశాను. నెలసరి మూడు నెలలు రాలేదు, ట్రైనింగ్ వల్లే కాబోలు, మామూలే అనుకున్నాను. మామూలు కాదు. పరుగుకు సరిపడా తిండి అందకపోతే ఒళ్లు ముందు నెలసరిని ఆపుతుంది, ఎముకను కట్టే పనిని పక్కన పెడుతుంది. రోజూ పరుగులో ఎముకకు తగిలే చిన్న చిన్న దెబ్బలు రాత్రి నిద్రలో పూడాలి. పూడ్చడానికి సరుకే లేకపోతే పగులే మిగులుతుంది. ఈ విషయం నాకు మూడో డాక్టర్ చెప్పేదాకా తెలియదు. మన ఆడవాళ్లు దీని గురించి మాట్లాడుకోరు, అందుకే ఇక్కడ ఇంత వివరంగా రాస్తున్నాను.

లెక్కల_టీచర్ | జూలై 9, సాయంత్రం 6:30

రిపోర్టులు వచ్చాయి. టిబియా, అంటే మోకాలి కింది పెద్ద ఎముక, లోపలి అంచున స్ట్రెస్ ఫ్రాక్చర్. కొత్త డాక్టర్ ఎంతో ఓపికగా బొమ్మ గీసి చెప్పారు. ఎముక ముందువైపు మధ్యలో వచ్చి ఉంటే మానడం చాలా కష్టమట, ఆపరేషన్ దాకా వెళ్తుందట. నాది లోపలి వెనుక అంచు కాబట్టి రెస్ట్‌తో మానుతుందన్నారు. విటమిన్ డి 11, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) 9. రెండూ బాగా తక్కువ.

తెనాలి చెల్లీ, నువ్వు అడిగినవి రెండూ నిజమే. ఏప్రిల్ నుంచి రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలే తింటున్నాను. ఆదివారం 20 కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి కూడా అంతే. నెలసరి రెండు నెలలుగా లేదు. 39 ఏళ్లు కదా, వయసు అనుకున్నాను. డాక్టర్ అడిగినప్పుడు నువ్వు ముందే అడిగి ఉన్నావు కాబట్టి సిగ్గుపడకుండా చెప్పగలిగాను. లేకపోతే దాచేదాన్ని.

ఈసారి రేసు లేదు. స్కూటీ దగ్గరకు వచ్చి చాలాసేపు ఏడ్చాను.

ఫిజియో_వరంగల్ | జూలై 9, రాత్రి 9:00

ఏడవండి, తప్పులేదు. ఇంత కష్టపడ్డారు కదా.

ఇక ముందు సంగతి చెబుతాను. మొదటి గురి ఒక్కటే: మామూలు నడకలో అస్సలు నొప్పి ఉండకూడదు. మీ డాక్టర్ వాకర్ బూటు (కాలు కదలకుండా పట్టి ఉంచే బూటు) ఇస్తే వేసుకోండి. ఈ రకం పగులుకు పరుగు లేకుండా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. నడకలో నొప్పి పోయాక డాక్టర్ సరేనంటే నీళ్లలో పరుగు మొదలుపెట్టవచ్చు. నడుముకు తేలే బెల్టు కట్టుకుని, లోతు వైపు, పాదం అడుగుకు తగలకుండా పరిగెత్తడమే. గుండెకు పూర్తి పని, ఎముకకు బరువు సున్నా. మన స్విమ్మింగ్ పూల్స్‌లో చాలాచోట్ల ఆడవాళ్లకు వేరే టైమ్ ఉంటుంది, కనుక్కోండి.

తర్వాత పిక్కలు. మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి మెల్లగా దించడం, మొదట రెండు కాళ్ల మీద, తర్వాత ఒంటికాలి మీద. పిక్క కండరం బలంగా ఉంటే నేల నుంచి వచ్చే దెబ్బలో చాలా భాగం అదే మోస్తుంది, ఎముకకు తగ్గుతుంది. తుంటి పక్క కండరాలకు కూడా వ్యాయామం కావాలి, అది విడిగా రాస్తాను.

చలిదేశం | జూలై 10, ఉదయం 5:30

అక్కా, రాత్రి అన్నం ఇవాళే మొదలుపెట్టండి. పప్పు, నెయ్యి, పెరుగు, గుడ్డు, అన్నీ. పొద్దున రాగి జావ. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, మా అమ్మమ్మకు ఆ అంకె తెలియకపోయినా రోజూ పోసేది. ఐరన్ మాత్ర వేసుకున్న గంట దాకా టీ తాగకండి, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. బత్తాయి రసంతో వేసుకుంటే మంచిది. విటమిన్ డి మోతాదు డాక్టర్ రాసినంతే, ఎక్కువ వద్దు.

బీచ్‌రోడ్_వైజాగ్ | జూలై 10, ఉదయం 8:15

టీచర్ గారూ, ధైర్యంగా ఉండండి. ఒక చిన్న మాట కొత్తబూట్లు తమ్ముడికి కూడా. తమ్ముడూ, నీ మోకాలి నొప్పి బయటివైపా? ప్రతిసారీ ఏడో ఎనిమిదో కిలోమీటరు దగ్గరే మొదలవుతుందా? పల్లం దిగేటప్పుడు ఎక్కువా? అయితే అది ఐటీ బ్యాండ్, తుంటి నుంచి మోకాలి బయటివైపు దాకా ఉండే పట్టీ నొప్పి. రుషికొండ దిగుతూ రెండేళ్లు నేను పడ్డ బాధ అది. ఫోమ్ రోలర్‌తో ఎంత రుద్దినా పోలేదు. తుంటి కండరాలకు మూడు నెలలు వ్యాయామం చేసి, అడుగులు చిన్నవి చేసి, నిమిషానికి అడుగుల సంఖ్య 160 నుంచి 170కి పెంచాక పోయింది. నిర్లక్ష్యం చేయకు.

సాగర్_కట్ట | జూలై 12, రాత్రి 9:20

అమ్మా, ఆ రోజు మీరు ఇంట్లో కూర్చుంటే మనసు ఊరుకోదు. మా గ్రూప్ నీళ్ల స్టేషన్ దగ్గర వాలంటీర్లుగా ఉంటుంది. కూర్చుని చేసే పని కూడా ఉంది. రండి.

లెక్కల_టీచర్ | ఆగస్టు నెలాఖరు, ఆదివారం సాయంత్రం

వెళ్లాను. పొద్దున మూడింటికి లేచాను. మా పిల్లలు నలుగురు, వాళ్ల అమ్మానాన్నలు కూడా వచ్చారు. పిల్లలు గ్లాసులు అందించారు, నేను కుర్చీలో కూర్చుని ఓఆర్‌ఎస్ కలిపాను. ఒక ప్యాకెట్‌కు లీటరు నీళ్లు, కొలిచి కలపాలని పిల్లలకు నిష్పత్తి లెక్క అక్కడే చెప్పాను. ఒకాయన వరసగా ఐదు గ్లాసుల మంచినీళ్లు తాగబోతే సాగర్‌కట్ట గారు ఆపారు. ఉత్త నీళ్లు మరీ ఎక్కువ తాగితే రక్తంలో ఉప్పు పలచబడి స్పృహ తప్పవచ్చని అప్పుడే తెలిసింది. దాహం వేసినంతే తాగాలట.

ఫ్లైఓవర్ ఎక్కి వస్తున్నవాళ్ల ముఖాలు చూశాను. ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు. ఒక పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి, చీర మీదే బూట్లు వేసుకుని వచ్చారు. మా పిల్లలు అరిచిన అరుపులకు నా చెవులు ఇప్పటికీ గింగురుమంటున్నాయి.

కొత్తబూట్లు | ఆగస్టు నెలాఖరు, సోమవారం ఉదయం

నేను 27వ కిలోమీటరు దగ్గర ఆగిపోయాను. ఐటీ బ్యాండే, వైజాగ్ అన్న చెప్పినట్టే. ఫ్లైఓవర్ దిగుతుంటే మోకాలు వంగలేదు. అంబులెన్స్‌లో గచ్చిబౌలి వెళ్లాను. అక్కా, మీకు జూన్‌లో నేను చెప్పిన సలహా తప్పు. మాత్ర వేసుకోమన్నది మరీ తప్పు. క్షమించండి. ఫిజియో సార్, తుంటి వ్యాయామాలు విడిగా రాస్తానన్నారు, రాస్తారా? ఈసారి చేస్తాను.

ఫిజియో_వరంగల్ | ఆగస్టు నెలాఖరు, సోమవారం రాత్రి

రాస్తాను తమ్ముడూ. పక్కకు తిరిగి పడుకుని పైకాలు వెనక్కి కొద్దిగా వంచి ఎత్తడం, పదిహేను చొప్పున మూడుసార్లు. మోకాళ్లకు రబ్బరు బ్యాండ్ వేసుకుని పక్కకు అడుగులు. ఒంటికాలి మీద నిలబడి సగం కూర్చుని లేవడం, అద్దం ముందు, మోకాలు లోపలికి ఒరగకుండా. వారానికి మూడు రోజులు. ఆరు వారాల లోపు ఫలితం అడగొద్దు.

లెక్కల_టీచర్ | సెప్టెంబర్ 22, ఉదయం 7:00

ఇవాళ పరిగెత్తాను! ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాలు నడక, అలా ఆరుసార్లు. మొత్తం ఆరు నిమిషాల పరుగు. నొప్పి లేదు. నెలసరి ఆగస్టు నుంచి మళ్లీ వస్తోంది. బరువు మూడు కిలోలు పెరిగాను, ఒంట్లో సత్తువ వచ్చింది. రోజు విడిచి రోజు, రెండు వారాలకోసారి ఒక నిమిషం పెంచమన్నారు డాక్టర్. రాసిపెట్టుకున్నాను, పట్టిక గోడకు అంటించాను.

బీచ్‌రోడ్_వైజాగ్ | డిసెంబర్, ఆదివారం మధ్యాహ్నం

టీచర్ గారు మా ఊరు వచ్చి ఆర్కే బీచ్‌లో 10కె పూర్తి చేశారు! గంటా 16 నిమిషాలు. రేసు అయ్యాక మా ఆవిడ పెసరట్టు ఉప్మా పెట్టింది. రెండో పెసరట్టు ఆవిడే అడిగి వేయించుకున్నారు.

లెక్కల_టీచర్ | మరుసటి ఏడు, ఆగస్టు నెలాఖరు, సోమవారం

5 గంటల 34 నిమిషాలు. గచ్చిబౌలి స్టేడియంలో నిన్న పొద్దున.

ఈసారి ఇరవై నాలుగు వారాలు తీసుకున్నాను. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించాను. అతి పెద్ద లాంగ్ రన్ 30 కిలోమీటర్లు, రేసుకు మూడు వారాల ముందు. ఆ తర్వాత అంతా తగ్గించడమే. ఆ తగ్గించే రోజుల్లో లేనిపోని నొప్పులన్నీ వచ్చాయి. రోజూ రాత్రి ఆ పాత చోట బొటనవేలితో నొక్కి చూసుకునేదాన్ని. మే నెలలో ఎడమ మడమ పట్టేస్తే సాగర్‌కట్ట గారి పద్నాలుగు నెలలు గుర్తొచ్చి అదే రోజు ఆపేశాను. తొమ్మిది రోజుల్లో తగ్గింది.

రేసులో మొదటి నుంచి నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. అలసిపోయాక కాదు, మొదటి కిలోమీటరు నుంచే. ఫ్లైఓవర్లు దిగేటప్పుడు చిన్న అడుగులు. అరగంటకోసారి ఖర్జూరమో బెల్లం పల్లీ ఉండో తిన్నాను. 34 దగ్గర తొడలు కొయ్యబారాయి. నిరుడు నేను కుర్చీలో కూర్చున్న స్టేషన్‌లోనే మా పిల్లలు ఈసారి పదకొండుమంది ఉన్నారు. నిరుడు పదో తరగతి పాసైన వాళ్లు కూడా కాలేజీల నుంచి వచ్చారు.

ఒకమ్మాయి అడిగింది, 42 సరే, ఆ 195 మీటర్లు ఎందుకు మేడమ్ అని. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన దూరం అది, 1921లో అదే ఖాయం చేశారని క్లాసులో చెప్పాను. నిన్న ఆ 195 మీటర్లు స్టేడియంలో పరిగెడుతుంటే కాళ్లు కనబడలేదు, కళ్లనిండా నీళ్లే.

పేరుపేరునా మీ అందరికీ దండాలు.

కొత్తబూట్లు | అదే రోజు, రాత్రి 8:40

అక్కా, మీ వెనకే 5 గంటల 51 నిమిషాలకు వచ్చాను. మోకాలు పలకలేదు!

పొలంగట్టు | అదే రోజు, రాత్రి 11:05

నమస్తే, కొత్తగా చేరాను. మాది జగిత్యాల దగ్గర పల్లె, 31 ఏళ్లు. వచ్చే ఏడు ఫుల్ చేద్దామనుకుంటున్నాను. పొద్దున లేవగానే మొదటి అడుగు వేస్తే మడమ కింద మేకు గుచ్చినట్టు ఉంటోంది, పది అడుగులు వేశాక పోతుంది. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. పరిగెత్తవచ్చా?

లెక్కల_టీచర్ | అదే రోజు, రాత్రి 11:20

తమ్ముడూ, ఎన్నాళ్ల నుంచి ఉంది? మడమను రెండు పక్కల నుంచి కలిపి పిండినట్టు నొక్కితే నొప్పి ఉందా, అడుగున నొక్కితేనా? రాత్రిపూట కూడా వస్తోందా? ఈ నెలలో దూరం ఎంత పెంచావు, రాత్రి ఏం తింటున్నావు? ముందు ఇవి రాయి. పొద్దున ఫిజియో గారు చూస్తారు, అప్పటిదాకా పరుగు వద్దు.